నాలుగు వారాల లెక్క

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనవైపు ఆనవాయితీ. తల్లికి విశ్రాంతి, బిడ్డకు అమ్మమ్మ చేతి నీళ్లు... అన్నీ అమరుతాయి. ఎటొచ్చీ తండ్రే చుట్టమైపోతాడు. శనివారం రాత్రి రైలెక్కుతాడు. ఆదివారం పొద్దున్నే స్నానం చేసొచ్చి బిడ్డను ఒళ్లో పెట్టించుకుంటాడు. ఒళ్లు తడవగానే తిరిగి ఇచ్చేస్తాడు. రాత్రికి మళ్లీ రైలు. చట్టం కూడా అతన్ని చుట్టంగానే చూస్తుంది. 2017లో తల్లుల సెలవును 26 వారాలకు పెంచారు గానీ, ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి చట్టప్రకారం ఒక్కరోజు సెలవూ లేదు.

నాదీ అదే కథ. ఉద్యోగం హైదరాబాద్‌లో, పాప రాజమండ్రిలో. కాకపోతే మా పాప కాస్త తొందరపడింది. ఇచ్చిన తేదీకి నాలుగు వారాల ముందే, 36వ వారంలో వచ్చేసింది. బరువు రెండు కిలోల మూడొందల గ్రాములు. రెండున్నర కిలోలు లేకపోతే తక్కువ బరువు కిందే లెక్కట. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదని పాతకాలపు మాట ఒకటుంది కదా, ఇంట్లో పెద్దవాళ్లు పైకి అనకుండా వేళ్లు మడిచి లెక్కేసుకున్నారు. నిజానికి కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఆ మాటకు ఆధారమేమీ లేదు.

మూడోరోజు సాయంత్రం ట్యూబులైటు వెలుగులో పాప ముఖం పసుపు రాసినట్టు కనిపించింది. ‘పొద్దున్నే లేత ఎండలో పడుకోబెడితే అదే పోతుంది’ అన్నారు మా ఆవిడ వాళ్ల అమ్మమ్మగారు. పిల్లల డాక్టరు మాత్రం రక్తం తీయించారు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనే నూటికి అరవైమందికి మొదటి వారంలో ఈ పచ్చదనం కనిపిస్తుందట. పాత ఎర్రకణాలు విరిగినప్పుడు బైలిరూబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని బయటికి పంపాల్సిన కాలేయం అప్పటికి ఇంకా పనిలో కుదురుకోదు. ముందే పుట్టిన పిల్లల్లో మరీ ఆలస్యం. చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. హద్దు దాటితే మాత్రం మెదడుకు, వినికిడికి ముప్పు. మా పాపకు 16 దాటింది. రెండురోజులు నీలికాంతి కింద ఉంచాలన్నారు.

కళ్లకు గంతలు కట్టుకుని, ఒంటిమీద చిన్న గుడ్డ తప్ప ఏమీ లేకుండా, నీలిరంగు వెలుగులో పడుకున్న రెండుకిలోల ప్రాణి. ఆ పెట్టె పక్కన నిలబడ్డవాడికి ఇంకేం పనుంటుంది? తడిపిన గుడ్డలు లెక్కపెట్టాను. ఒంటికి పాలు పడుతున్నాయనడానికి అదే గుర్తని నర్సు చెప్పింది. రోజుకు ఆరుసార్లయినా తడపాలట. రెండోరోజుకు ఎనిమిదయ్యాయి. నా జీవితంలో ఏ మార్కులూ అంత సంతోషాన్నివ్వలేదు.

ఈ నీలికాంతి వైద్యం ఎలా పుట్టిందో తర్వాత చదివాను. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు ఉండేది. నెలలు నిండని పిల్లల్ని ఎండకాసే రోజుల్లో ఆరుబయటికి తీసుకెళ్లడం ఆవిడకు అలవాటు. ఓ రోజు ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్లంతా తేరుకుంది గానీ, దుప్పటి అంచు కప్పిన మేర మాత్రం పచ్చగానే ఉంది! అదే ఆస్పత్రిలో ఎండ తగిలేచోట ఉండిపోయిన రక్తం సీసాలోనూ బైలిరూబిన్ తగ్గినట్టు తేలింది. 1958లో అక్కడి డాక్టర్లు దీపాలతో వైద్యం చేసి ఫలితాలు ప్రచురించారు. అంటే అమ్మమ్మగారి మాట పూర్తిగా కొట్టిపారేయాల్సిందేమీ కాదు. కాకపోతే ఎండకు కొలత లేదు. ఎంత తగిలిందో తెలీదు, తగ్గిందో లేదో చెప్పదు. గుడ్డలు విప్పి బయట పెడితే చిన్నపిల్లలకు చలి, లేదంటే వేడి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులకూ అరికాళ్లకూ పసుపు పాకినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, విరేచనం తెల్లగా పాలిపోయినా ఎండకోసం ఎదురుచూడకూడదు. ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

పచ్చదనం తగ్గింది. వినికిడి పరీక్ష కూడా అయింది, ఇబ్బందేం లేదన్నారు. మిగిలింది బరువు. పుట్టాక మొదటి రోజుల్లో ఏ బిడ్డయినా కాస్త తగ్గుతుంది, పదో వంతు దాకా ఫరవాలేదు. రెండు వారాల్లో పుట్టినప్పటి బరువుకు చేరి, అక్కణ్నుంచి రోజుకు పాతిక ముప్ఫై గ్రాములు పెరగాలి. అందుకో ఉపాయం చెప్పారు. బిడ్డను బట్టల్లేకుండా గుండెకు ఆనించుకుని పైన దుప్పటి కప్పుకోవడం. కొలంబియా రాజధాని బొగొటాలో 1978లో ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. పిల్లలకు సరిపడా ఇంక్యుబేటర్లు లేక, తల్లి ఒంటి వేడినే వాడుకున్నాడాయన. కంగారూ సంరక్షణ అని పేరు. ‘మీరూ చేయొచ్చండీ, నాన్న ఒళ్లయినా అంతే వేడి’ అంది నర్సు.

చెప్పడానికి బాగానే ఉంటుంది. అత్తవారింట్లో కొత్తల్లుడు చొక్కా విప్పి మంచంమీద జారగిలబడి కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది! మొదటి ఆదివారం మామయ్యగారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు. అమ్మమ్మగారు ఒక్కరే దగ్గరికొచ్చి, ‘దుప్పటి మెడదాకా లాగు నాయనా, ముక్కుకు అడ్డం రానీకు’ అని సర్ది వెళ్లారు. పాప మాత్రం గంటన్నర కదల్లేదు. దాని ఊపిరి నా పక్కటెముకల మీద తెలుస్తూనే ఉంది. పదిహేనోరోజుకు పుట్టినప్పటి బరువొచ్చేసింది. అందులో నా ఆదివారం వాటా ఎంతో అడగొద్దు, వారమంతా మోసింది మా ఆవిడే.

ఇక నవ్వు దగ్గర పడింది అసలు చిక్కు. ఆరువారాలకు పిల్లలు మన ముఖం చూసి నవ్వుతారంటారు. ఎదురింట్లో అదే వారం పుట్టిన బాబు ఏడోవారానికే నోరారా నవ్వేస్తున్నాడు. మా పాప గోడను చూసినట్టే మమ్మల్నీ చూస్తోంది. నిద్రలో పెదవులు కదిలితే పెద్దవాళ్లు మురిసిపోతారు గానీ అది ఈ లెక్కలోకి రాదు. ఎనిమిదో వారం దాటాక మా ఆవిడ రాత్రిపూట ఫోన్లో ఆ మాట ఎత్తడం మానేసింది. ఆ మౌనం నాకు మరీ భయమేసింది.

డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశారు. ‘నాలుగు వారాలు తీసేసి లెక్కపెట్టండి. ఈ పాపకు ఇప్పుడు నాలుగున్నర వారాలే.’ నవ్వడం, మెడ నిలపడం, బోర్లా పడటం... ఇవన్నీ పుట్టినరోజు నుంచి కాదు, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కించాలట. మెదడు తన లెక్క తాను నడుపుకుంటుంది, మనం జరిపిన బాలసారెతో దానికి పనిలేదు. తిరువనంతపురంలో తయారైన ఎదుగుదల చార్టు ఒకటి చూపించారు. రెండేళ్ల వయసు దాకా పదిహేడు అంశాలు. ఒక్కోదానికీ ఒక తేదీ కాదు, ఒక పొడవాటి గీత. ఆ గీత దాటినా రాకపోతేనే విచారించాలి.

తమాషా ఏమిటంటే టీకాలకు ఈ తగ్గింపు లేదు! వాటికి పుట్టినరోజే లెక్క. అందుకే నవ్వుకు పసిగుడ్డయిన మా పాపకు ఆరోవారం రాగానే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్... అయిదింటికీ కలిపి ఒకే సూది పడింది. ఆ సాయంత్రం జ్వరమూ వచ్చింది.

పదోవారం, బుధవారం. మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను. ‘ఏవండీ, నవ్విందండీ! అమ్మమ్మను చూసి!’ శనివారం రాత్రి రైల్లో నిద్రపట్టలేదు. పసిపిల్లలకు జానెడు దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుందని చదివానుగా, ఆదివారం పొద్దున్నే సరిగ్గా జానెడు దూరంలో ముఖం పెట్టి కూర్చున్నాను. అరగంట గడిచింది. నా మీసం వంక చూసింది. కళ్లజోడు వంక చూసింది. తల తిప్పి, పైన తిరుగుతున్న ఫ్యానును చూసి పకపకలాడింది.