అయిదు డిస్కుల రంగులరాట్నము

పాతవస్తువులపై జనులకు మరల మమకారము పుట్టుచున్నదనియు, గ్రామఫోను రికార్డులను గూర్చి వ్రాయని పత్రిక లేదనియు, కావున మనము సీడీలను గూర్చి వ్రాయవలెననియు, అదియును గురువారము సాయంకాలమునకు అచ్చునకు పోవలెననియు సంపాదకులవారు సెలవిచ్చిరి. వారు కోరినది సీడీల గతవైభవమును తలచుకొను వ్యాసము కాబోలును. నాకు మాత్రము ఆ వైభవముకంటె, మా యింటి స్టీరియోలో అయిదు డిస్కుల ఛేంజరు మూలపడియుండుటయు, దాని స్థానమున మఱియొకటి తేవలసియుండుటయు పెద్ద విషయములుగా తోచినవి. యాంప్లిఫయరు చెక్కుచెదరలేదు, స్పీకర్లు నిక్షేపముగా నున్నవి, నడుమనున్న ఛేంజరు మాత్రము సొరుగు తెఱవమన్న గురగురలాడి ఊరకుండును. ఇట్టి ఇండ్లు మనలో ఇంకను చాల గలవని నమ్మి, వైభవమును ప్రక్కకు నెట్టి ఈ యంత్రమును పట్టుకొంటిని.

చరిత్ర యెల్లరు ఎఱిగినదే గనుక త్వరగా ముగింతును. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి 1980లో ప్రమాణములు నిర్ణయించినవి. 1982 అక్టోబరు 1న జపానులో సోనీవారి సీడీపీ-101 అంగడికెక్కినది, వెల 1,68,000 యెన్‌లు. డిస్కు వ్యాసము 120 మిల్లీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు, సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, కాలపరిమితి 74 నిమిషములు. ఆ 74 నిమిషములు బీతోవెన్ తొమ్మిదవ సింఫనీ పట్టుటకే పెట్టినారను కథను ఫిలిప్స్‌లో పనిచేసిన కీస్ ఇమ్మింక్ వంటి ఇంజనీరే ఒప్పుకొనలేదు. నాకును నమ్మబుద్ధి కాదు. పిమ్మట పయొనీర్‌వారి ఆరు డిస్కుల పేటికలు, ఆ వెనుక అయిదు డిస్కుల తిరుగుడు బల్లలు, మన యిండ్లలో మూడు డిస్కుల మినీ హైఫైలు, ఆపై ఎమ్‌పీ3, ఆపై ఫోను. చరిత్ర యింతే.

ఒక డిస్కు ప్లేయరు చాలదా యని అడుగువారున్నారు. సినిమా పాటలు వినువారికి చాలును. వర్ణముతో మొదలై మంగళముతో ముగియు పూర్తి కచేరి మాత్రము రెండు డిస్కులకు తక్కువ పట్టదు. రాగము ఒక డిస్కులోను, పల్లవి వేఱొక డిస్కులోను పడినచో, తానము చెవులలో మ్రోగుచుండగనే లేచిపోయి సొరుగు తెఱవవలసివచ్చును. మా మేనకోడలు “మామయ్యా, ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా!” అనును. ఉన్నవి, అన్నియు నుండుటయే చిక్కు. ఛేంజరులో అయిదే యుండును. ఆ అయిదింటిని సందెవేళకు ముందే ఏరుకొన్నవానికి రాత్రి భోజనమువఱకు మరల ఏరుకొను పని లేదు.

ఈ వ్యాసమునకై పోగుచేసిన కాగితములలో అమ్మకపు కరపత్రములు కలవు, వెలల పట్టికలు కలవు. కాని నన్ను పట్టుకొని వదలనిది ఒక సర్వీసు మాన్యువల్. అది కొనుగోలుదారున కిచ్చు పుస్తకము కాదు, మరమ్మతు చేయువారికై సంస్థలు అచ్చువేయునది. కావుననే అందు పొగడ్త యుండదు. దానిలో ఒక నిండు పుటయందు యంత్రమును సాంతముగ విడదీసి, ప్రతి మరను, ప్రతి స్ప్రింగును గాలిలో తేలుచున్నట్లు గీచి, సంఖ్యలు వేసి చూపిన పటమొకటి యుండును. అడుగున సొరుగు, సొరుగుమీద అయిదు గుంటల వట్రువ బల్ల, సొరుగును ముందువెనుకలకు నడుపుటకొక చిన్న మోటారు, ఆ మోటారునుండి పండ్ల చక్రమునకు బలమును చేరవేయుటకొక చిన్న రబ్బరు బెల్టు, బల్లను త్రిప్పుటకు మఱియొక మోటారు, ఏ గుంట లేజరు మీదికి వచ్చినదో లెక్కించుటకొక సెన్సరు. గుంట సరిగా నిలిచిన పిమ్మట లేజరు గల చట్రము పైకి లేచి డిస్కును ఎత్తును, పైనున్న అయస్కాంతపు బిళ్ల దానిని పట్టుకొనును. అప్పుడు గాని డిస్కు తిరుగ నారంభింపదు. ఇంత తంతు జరుగునప్పుడు మనకు వినబడునది ఒక్క చిన్న ‘టక్కు’ మాత్రమే.

ఆ పటమును ఎంతసేపు చూచినను నాకొక విషయమే మరల మరల తట్టినది. డిస్కు లోపలినుండి అంచువైపునకు చదువబడును. లోపల నిమిషమునకు ఇంచుమించు 500 చుట్లు తిరిగి, అంచునకు వచ్చునప్పటికి 200 చుట్లకు తగ్గును. చుట్టునకు చుట్టునకు ఎడము 1.6 మైక్రానులు, దానిని తప్పక అనుసరించునది 780 నానోమీటర్ల పరారుణ కిరణము. గీతపడి రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారము పోయినను, డిస్కులో ముందే పొదిగిన రీడ్-సాలమన్ గణితముచేత యంత్రము దానిని తిరిగి పూరించుకొనును. ఇంత సూక్ష్మకార్యమును చేయు భాగము ఏండ్లకేండ్లు నిలిచియుండగా, మొట్టమొదట చేతులెత్తునది ఆ అల్పమైన రబ్బరు బెల్టు. అది సాగి, నిగనిగలాడి, మోటారు కప్పీమీద జాఱుచుండును. జాఱిన బెల్టునకు గణితము లేదు. మా యింటి గురగుర అదియే.

పటమును చంకనిడుకొని కోఠీలో గుజరాతీ గల్లీకి పోయితిని. అచట విడిభాగముల కొట్ల నడుమ ఒక మెకానిక్కు, పటమును చూడకయే, మాన్యువల్ అంతయు మూడు వాక్యములలో తేల్చినాడు: “బెల్టు పోతే ఏస్త సార్. లెన్సు పోతే తెప్పిస్త. పండ్ల చక్రం ఇరిగిందనుకో, ఇంకోటి కొనుక్కోవాల్సిందే.” లెన్సు అనగా ఆతని భాషలో లేజరు పికప్. సోనీవారు చేసిన కేఎస్‌ఎస్-213 వంటి పికప్‌లు పెక్కు సంస్థల ప్లేయర్లలో వాడబడినందున వానికి ప్రత్యామ్నాయములు నేటికిని దొరకుచున్నవి. ప్లాస్టిక్ పండ్ల చక్రము ఏ సంస్థది ఆ సంస్థదే, ఏ నమూనాది ఆ నమూనాదే. సంస్థ మానుకొన్న నాడు అదియు మాయమగును. మా ఛేంజరులో బెల్టుతోపాటు చక్రపు పండ్లును అరిగినవని ఆతడు చూపించినాడు. కావున ఛేంజరును ఎన్నుకొనువారు ధ్వనిని గూర్చి విచారించుటకు ముందు పటమును గూర్చి విచారింపవలెనని నా మతము: అది విరిగినపుడు అంగడిలో దొరకని భాగములు ఎన్ని యున్నవి?

ఈ ప్రశ్నకు లొంగక నన్ను ఆకర్షించినది మూడువందల డిస్కుల సోనీ సీడీపీ-సీఎక్స్355. దాని వాడుకపుస్తకము ఒక విధమైన హాస్యగ్రంథము. ఏ అఱలో ఏ డిస్కున్నదో గుర్తుంచుకొనుటకు ఒక్కొక్కదానికి పేరు వ్రాసికొనవచ్చును. వ్రాయుటకు కంప్యూటరు కీబోర్డును తగిలించు రంధ్రము ముందుభాగముననే యున్నది. కాని పేరునకు పదమూడు అక్షరములే, అవియును ఆంగ్ల లిపిలో. అన్నమాచార్యులకు పండ్రెండక్షరములు చాలి ఆయన లోపలికి పోవుదురు. బాలమురళీకృష్ణగారికి పదునేడు కావలసియుండ, ఆయన ‘బాలమురళీక్రి’ యగుదురు. మూడువందల డిస్కులకును ఇట్లు నామకరణము చేయు గృహస్థుని ఓర్పును తలచి నవ్వుకొంటిని. కాని ఒక్క చక్రము విఱిగిననాడు ఆ మూడువందలును ఒక్క పెట్టెలో చిక్కుకొనునని తోచి నవ్వు ఆగినది.

ముఖభాగమున అంటించు చీటీలను నేను నమ్మను. ‘24 బిట్లు’ అని వ్రాసికొన్న యంత్రము 16 బిట్ల డిస్కునుండి లేని బిట్లను పుట్టింపలేదు. ఫిలిప్స్‌వారి తొలి ప్లేయర్లు 14 బిట్ల పరివర్తకమునే వాడి, నమూనాలను నాలుగింతలు చేయు ఉపాయముతో చక్కగా పాడినవి. నా కంటికి విలువైనది వెనుకభాగమున నుండు ఆప్టికల్ లేక కోయాక్సియల్ డిజిటల్ రంధ్రము: అది యున్నచో ధ్వనిపని వేఱొక పరివర్తకమునకు (డ్యాక్) గాని, డిజిటల్ ఇన్‌పుట్ గల యాంప్లిఫయరునకు గాని అప్పగించి, ఛేంజరును కేవలము డిస్కులు మార్చు సేవకునిగా ఉంచుకొనవచ్చును.

నా తీర్పు: అయిదు, ఆరు డిస్కుల తిరుగుడు బల్లయే కొనదగినది. పేటికల యంత్రములు ముచ్చటైనవే గాని, పేటిక విఱిగినచో పేటిక దొరకదు. తిరుగుడు బల్లలలో యమహా సీడీ-సి600 నాకు మొదటిది. ఒక డిస్కు పాడుచుండగనే సొరుగు తెఱచి మిగిలినవానిని మార్చవచ్చును, ఎమ్‌పీ3 డిస్కులు చదువును, ఆప్టికల్, కోయాక్సియల్ రెండును కలవు. ఆన్‌క్యో డీఎక్స్-సి390 ఆరు డిస్కులది. ఇదియును రెండు డిజిటల్ రంధ్రములు గలదే. కాని జపానులో ఆన్‌క్యో హోమ్ ఎంటర్‌టైన్‌మెంట్ 2022 మే నెలలో దివాలా పిటిషను వేసినది గనుక విడిభాగముల మాట విచారించుకొని మఱి కొనవలెను. సీడీలు పాడు డీవీడీ ఛేంజర్లు చవుకగా వచ్చును. పాట వినుటకు టీవీ పెట్టుకొను ఓపిక యున్నవారు వానిని చూచుకొనవచ్చును.

పాతది కొనునపుడు పరీక్ష

మీ డిస్కులు మీరే తీసికొనిపొండు. వానిలో ఒకటి 70 నిమిషములకు మించినదై యుండవలెను. దాని చిట్టచివరి పాటను వినుడు, ఏలయనగా లేజరు చట్రము దారి పొడుగున జరుగవలసినదియు, డిస్కు వంకర యెక్కువగా కానవచ్చునదియు అచటనే. అయిదు గుంటలలోను డిస్కులుంచి, అయిదవదానినుండి మొదటిదానికి పొమ్మనుడు. సొరుగును పలుమాఱులు తెఱచి మూయుడు. ఒక్కమాఱు తడబడినను బెల్టు వెలను తగ్గించి బేరమాడుడు. ఇంట వ్రాసికొన్న సీడీ-ఆర్‌లున్నచో అవియు పెట్టి చూడుడు. సీడీ-ఆర్‌డబ్ల్యూలు అచ్చు డిస్కులవలె 70 శాతము కాంతిని గాక 15 నుండి 25 శాతమునే ప్రతిఫలించును గనుక, పాత యంత్రములు వానిని చదువకున్నచో తప్పు యంత్రమునది కాదు. “లేజరు బలము పెంచితిమి” అని గొప్పగా చెప్పు అమ్మకందారుని కడ కొనకుడు. ఆ బలము ఆయువును తిని వచ్చినది.

అమెరికానుండి తెప్పించుకొనువారికి

తెలుగువారి యింటింట ఒక చుట్టము అమెరికాలో నున్న యీ దినములలో, ఛేంజరు పెట్టెలో పెట్టుకొని వచ్చుట సులభముగనే కనబడును. అచటి విద్యుత్తు 120 వోల్టులు, ఇచటిది 230. అట్లే గోడకు తగిలించినచో ఆ సంగీతము అంతటితో సరి. చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు చాలును, ప్లేయరు కాల్చు కరెంటు స్వల్పమే. అచటి 60 హెర్ట్జులు ఇచట 50 అయినను వేగము మారదు. సీడీని నడుపునది క్వార్ట్జు గడియారము గాని కరెంటు అలలు కావు. తీగలను యాంప్లిఫయరులో ‘సీడీ’ లేక ‘ఆక్స్’ అను రంధ్రములకే కలుపవలెను. ‘ఫోనో’ గ్రామఫోను సూదికి మాత్రమే. ప్రయాణమునకు ముందు బల్లలోని డిస్కులన్నియు తీసివేయుడనియు, రవాణా మరలు గల నమూనా యైనచో వానిని తిరిగి బిగింపుడనియు మీ చుట్టమునకు ముందే వ్రాయుడు.