గోడకు అవతలి వెలుగు

తిరుపతికీ చిత్తూరుకూ మధ్యనున్న గాదంకిలో, మబ్బులేని రాత్రుల్లో ఆకుపచ్చ లేజర్ కిరణం ఒకటి నిటారుగా ఆకాశంలోకి లేస్తుంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998లో జపాన్ సహకారంతో నెలకొల్పిన లైడార్ అది. దుమ్మునూ గాలి అణువులనూ తాకి తిరిగొచ్చే కాంతిని బట్టి పై వాతావరణాన్ని కొలుస్తారు. ఆ నియోడిమియం లేజర్‌లో మొదట పుట్టేది కంటికి కనబడని 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. స్ఫటికం గుండా పంపి తరంగదైర్ఘ్యాన్ని సగం చేస్తే 532 నానోమీటర్ల ఆకుపచ్చ అవుతుంది.

అదే 1064 నానోమీటర్ల కాంతిని జర్మనీలోని హాంబర్గ్‌లో, డేజీ ప్రయోగశాలలో, ఒక గోడ మీదికి పంపుతున్నారు. కాంతి దాటలేని ఆ గోడకు అవతల ఏమైనా వెలుగు కనబడుతుందా అని చూస్తున్నారు. ఆల్ప్స్-2 అనే ఈ ప్రయోగం 2023 మేలో మొదలైంది. వెతికేది యాక్సియాన్‌నూ, దాని జాతికి చెందిన తేలికపాటి కణాలనూ. 1977లో పెచ్చెయి, క్విన్ చేసిన ప్రతిపాదన నుంచి మరుసటి ఏడాది వైన్‌బర్గ్, విల్చెక్ విడివిడిగా ఊహించిన కణం యాక్సియాన్. విశ్వంలోని కృష్ణపదార్థం అదే కావచ్చు. ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

బలమైన అయస్కాంత క్షేత్రంలో యాక్సియాన్ ఫోటాన్‌గా మారగలదని 1983లో సికివీ చూపాడు. ఫోటాన్ కూడా అలాగే యాక్సియాన్‌గా మారగలదు. గోడకు ఇవతల అలా మారిన కణానికి గోడ అడ్డు కాదు. అవతలి క్షేత్రంలో అది మళ్లీ ఫోటాన్ కావచ్చు. ఇందుకోసం పాత హెరా యాక్సిలరేటర్ అయస్కాంతాలు 24 తెచ్చి, అటు 12, ఇటు 12 వరుసగా పేర్చారు. క్షేత్రం 5.3 టెస్లా. వలయం కోసం చేసినవి కాబట్టి వాటి గొట్టాలు కాస్త వంపు తిరిగి ఉండేవి. లేజర్‌కు సూటి దారి కావాలి కనుక ఆ వంపును బలవంతంగా సాపు చేశారు. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే. ఇంత చేసినా అవతల ఆశించేది రోజుకు ఒకటో రెండో ఫోటాన్లు.

దొరికినట్టే దొరికి జారిపోవడం ఈ వేటలో మామూలు. అయస్కాంత క్షేత్రంలో లేజర్ కాంతి ధ్రువణం కొద్దిగా తిరిగిందని ఇటలీలోని పీవీలాస్ బృందం 2006లో ప్రకటించింది. కొత్త కణమేమోనని దేశదేశాల్లో గోడ ప్రయోగాలు మొదలయ్యాయి. పరికరాన్ని మెరుగుపరిచి కొలిచాక ఆ సంకేతం లేదని మరుసటి ఏడాది ఆ బృందమే చెప్పింది. ఆ రెండో ప్రకటననే నేను ఎక్కువగా గౌరవిస్తాను.

ఇలాంటి అనుభవం మన పొరుగునే ఉంది. కుప్పం దాటి కర్ణాటకలో అడుగుపెడితే కోలారు బంగారు గనులు ఎంతో దూరం లేవు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వెళ్లిన కూలీలు దిగిన గనులవి. అక్కడ 1965లో టాటా పరిశోధన సంస్థవారు, జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కలిసి, 2.3 కిలోమీటర్ల లోతున వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. హాంబర్గ్‌లో గోడ లేజర్‌ను ఆపినట్టే, కోలారులో రాయి విశ్వకిరణాలను ఆపింది. 1980లో ప్రోటాన్ క్షయం కోసం 140 టన్నుల డిటెక్టర్ పెట్టారు. కొన్ని ఘటనలు అచ్చం అలాగే కనబడ్డాయి కానీ, విదేశాల్లోని పెద్ద డిటెక్టర్లు వాటిని బలపరచలేదు.

ప్రయోగాలు 1992లో ఆగాయి. గని 2001లో మూతపడింది, లోపల నీళ్లు నిండాయి. బంగారం లెక్కలో నష్టాల గనే. భౌతికశాస్త్రానికి మాత్రం అంత లోతున సిద్ధంగా ఉన్న చోటు అది, దాన్ని కాపాడుకోకపోవడం పెద్ద తప్పు. చైనా 2010లో జిన్‌పింగ్ కొండ కింద, 2.4 కిలోమీటర్ల రాతి చాటున, ప్రయోగశాల తెరిచింది. మన దేశంలో కృష్ణపదార్థం కోసం వెతుకులాట జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో, సుమారు 550 మీటర్ల లోతున జరుగుతోంది.