మందులకు తగిన చలువ



మందుల పెట్టెమీద ‘చల్లని చోట నుంచవలెను’ అని యుండుట మీరెల్లరును చూచియే యుందురు. చల్లన యనగా నెంత? చిన్ననాట నేను అమరకోశము వల్లించినవాడను. అందు శీతలము, హిమము, తుషారము అనునవి పర్యాయపదములు. ఆ పాండిత్యమే మా యింట నొకపరి కీడు చేసినది.

2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాసకు చేరువను తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలగూలినవి. పల్లెలలో దినములతరబడి కరెంటు లేదు. మా అప్పగారి యిల్లు ఆ ప్రాంతముననే. ఆమె మధుమేహమునకు ఇన్సులిన్ సూది వేసికొనును. ఆ దినములలో ఫ్రిజ్జు వట్టి బీరువా యయ్యెను. ఆమె మందుసీసాను చిన్న డబ్బాలో బెట్టి, నీడపట్టున నీళ్లకుండ ప్రక్కను దాచుకొన్నది. కరెంటు వచ్చిననాడు నేను పోయి, పోయిన చలువను వడ్డీతో గూడ తీర్పదలచి, ఆ సీసాను ఫ్రీజరులో నుంచితిని. తెల్లవారుసరికి గడ్డకట్టెను. కరగిన పిదప నెప్పటివలెనే తేటగా నుండుటచే దానినే వాడితిమి. వారము తిరుగకుండ ఆమె రక్తమున చక్కెర మూడువందలు దాటెను. “కరెంటు లేని దినాలే నయంగా ఉన్నాయి గదరా తమ్ముడూ” అని యామె యన్నమాట నాకిప్పటికిని ములుకై తగులును.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. గడ్డకట్టినచో దాని యమరిక చెడి, యణువులు ఒండొంటి నంటుకొనును. విరిగిన పాలు మరల పాలు కానట్లు, కరగినను అది మరల మందు కాదు. చూపునకు తెలియకుండుటయే అందలి యపాయము.

‘ఇండియన్ ఫార్మకోపియా’ యను ప్రమాణగ్రంథమున ఈ చలువలకు మేరలు గలవు. 8 సెంటీగ్రేడు డిగ్రీలు మొదలు 25 వరకు ‘చల్లని చోటు’. అంతకంటె శీతలమైనది సాధారణముగా 2 మొదలు 8 వరకు; విప్పని ఇన్సులిన్ సీసాకు గావలసినది ఇదియే. ఉద్దానమున మూత్రపిండవ్యాధితో డయాలసిస్ చేయించుకొనువారికి రక్తవృద్ధికై యిచ్చు ఎరిత్రోపొయిటిన్ సూదిమందునకును ఇదియే మేర. అమరసింహు డొక్కచో గూర్చినవానిని వైద్యులు వేరుపరచిరి. ఈ విషయమున వైద్యులమాటయే వినవలెను. ఫ్రిజ్జులో నడిమి యర మేలు. తలుపునందలి చలువ నిలుకడలేనిది. ఫ్రీజరు నానుకొన్నచోట గడ్డకట్టు భయము గలదు.

వాడుకలో నున్న సీసా పెక్కు రకములలో సుమారు నాలుగు వారములు బయటనే యుండవచ్చును. 25 డిగ్రీలా, 30 డిగ్రీలా యన్నది దానితో వచ్చు కాగితమున నుండును. 2021లో జెనీవా విశ్వవిద్యాలయమువారును ‘సరిహద్దులు లేని వైద్యులు’ అను సంస్థవారును ఒక పరీక్షఫలితము ప్రకటించిరి. కెన్యాలోని శరణార్థి శిబిరమున ఇండ్లలోని వేడిమిని కొలిచి, 25కును 37కును నడుమ అట్లే మారు వేడిమిలో నాలుగు వారము లుంచినను ఇన్సులిన్ సత్తువ తగ్గలేదట. కావున కరెంటు పోయినంతనే మందు పోయెనని బెంగటిల్లి పారవేయ బనిలేదు, వైద్యు నడుగుడు.

ఒక కుండలో చిన్నకుండ నుంచి నడుమ తడియిసుక నింపు ఉపాయము మంచిదే. నీరావిరియగుచు లోని వేడిమిని గొనిపోవును. అయితే మన తీరమున గాలి చెమ్మగా నున్న దినములలో నీరు త్వరగా ఆవిరి కాదు. అప్పుడు కుండనుండి యెక్కువ చలువ నాశింపరాదు.

మాత్రలకు వేడితోపాటు చెమ్మయు శత్రువే. వానిని ఫ్రిజ్జులో గుక్కుట, పొయ్యిమీది యరను బెట్టుట, రెండును తగవు. చెమ్మ తగిలిన ఆస్పిరిన్ మాత్ర వెనిగరు వాసన గొట్టును. మందు విడిపోయి యందుండి పులుసు పుట్టుటయే అందులకు హేతువు.

ఇప్పుడు మా అప్పగారి ఫ్రిజ్జు నడిమి యరలో చిన్న థర్మామీటరు గలదు. ఆమెకు అంకెలు ఆనవు. పాలుతెచ్చు పిల్లవాడు ప్రతిదినము చదివి చెప్పిపోవును. నిన్నటి యంకె అయిదు.