గోడలు దాటే తరంగాలు : ఇంటి వైఫై చిక్కులు, రక్షణ

గోడలకు చెవులుంటాయన్న సామెత తెలుగులోను ఉన్నది, ఉర్దూలోను ఉన్నది. రహస్యం చెప్పుకొనేటప్పుడు గొంతు తగ్గించుకొనవలెనని పెద్దలు మనకు నేర్పిన మాట అది. నేడు మన ఇండ్లలో గొంతు తగ్గించుట ఎరుగని పరికరమొకటి రాత్రింబవళ్లు మాట్లాడుచున్నది. దాని పేరు రౌటరు. దాని పలుకులు రేడియో తరంగాలు. అవి మన గోడ వద్ద బలహీనపడవచ్చును గాని, మన గోడ వద్దనే ఆగిపోవు. ఈ ఒక్క విషయాన్ని గ్రహించినచో ఇంటి వైఫైలో కలిగే చిక్కులు, దానికి వాటిల్లే అపాయాలు చాలావరకు మనకు బోధపడతాయి.

గత సంవత్సరం మా ఇంట జరిగిన చిన్న సంఘటనయే ఈ వ్యాసానికి కారణం. మా చెల్లెలి ఉపకారవేతనపు దరఖాస్తుకు ఆనాడే కడపటి గడువు. సాయంకాలం నుండి వైఫై నిలిచి నిలిచి వచ్చుచున్నది. ధ్రువపత్రాలు సగం వరకు ఎక్కి ఆగిపోవుచున్నవి. మేము కనెక్షను ఇచ్చిన వారిని నిందించితిమి, వారికి పలుమార్లు ఫోను చేసితిమి. చివరకు మా తల్లిగారు, "పండుగకు సున్నం వేయించినప్పుడు ఆ డబ్బాను బీరువా వెనుకకు జరిపినాము కదా!" అని గుర్తు చేసినారు. రౌటరును ఇనుప బీరువా వెనుక నుండి తీసి అలమర పైన పెట్టగానే దరఖాస్తు వెళ్లిపోయినది. తప్పు మాది, తిట్లు మాత్రం ఇతరులకు!

అంతటితో కథ ముగియలేదు. ఆ రాత్రి రౌటరు లోపలి పట్టికను తెరచి చూచితిమి. మా ఇంట ఉన్నవి 5 పరికరాలు. పట్టికలో ఉన్నవి 14. మా పాస్‌వర్డు మా ఇంటి మొబైలు నంబరే. అది తెలియని వారు మా వీధిలో లేరు.

తరంగాల స్వభావం

ఇంటి వైఫై ముఖ్యంగా రెండు పౌనఃపున్యాలలో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 5 నుండి 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను కొంత సులభంగా దాటుతుంది, దూరం పోతుంది, కాని వేగం తక్కువ. రెండవది వేగం గలది, కాని ఒకటి రెండు గోడలకే అలసిపోతుంది. లోహం ఈ తరంగాలను వెనుకకు త్రిప్పికొడుతుంది. నీరు వాటిని పీల్చుకొంటుంది. ఇనుప బీరువా, నీటి తొట్టి, కాంక్రీటు స్తంభం వైఫైకి శత్రువులగుటకు కారణమిదే. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ 2.45 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తుంది కనుక, అది వెలిగినంతసేపు ప్రక్కనున్న వైఫై తడబడవచ్చును.

మరొక చిక్కు ఇరుగుపొరుగుల వలన కలుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానెళ్లు వాడుకలో ఉన్నవి గాని, అవి ఒకదానిపై నొకటి ఒరిగి ఉంటాయి. ఒకదానితో నొకటి రాసుకొనకుండ నిలువగలిగినవి సామాన్యంగా 1, 6, 11 మాత్రమే. పది రౌటర్లున్న అపార్టుమెంటులో అందరూ ఒకే ఛానెలు పట్టుకొన్నచో, సంతలో పదిమంది ఒకేసారి బేరమాడినట్లే ఉంటుంది. అప్పుడు ఛానెలు మార్చుట గాని, దగ్గరనున్న పరికరాలను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుట గాని మేలు.

చిక్కు ఎక్కడున్నది?

వైఫై రానప్పుడు మనం చేసే మొదటి పొరపాటు అన్నింటినీ ఒకేసారి కదపడం. దారిని మూడు భాగాలుగా విభజించి చూడవలెను. బయటి నుండి ఇంటికి వచ్చే తీగ మొదటి భాగం. రౌటరు నుండి మన చేతిలోని పరికరం వరకు గల గాలిమార్గం రెండవది. ఆ పరికరమే మూడవది.

ముందుగా దీపాలను చూడవలెను. ఫైబరు పెట్టెపై లాస్ అను గుర్తు గల దీపం ఎర్రగా వెలిగినచో, కాంతి సంకేతం మన ఇంటికి అందుట లేదని అర్థం. తీగ ఊడినదో, తెగినదో కావచ్చును. అప్పుడు ఫిర్యాదు చేయుటయే మార్గం. ఫైబరును గట్టిగా వంచరాదు. దాని కొనలోనికి కన్ను పెట్టి చూడరాదు. దీపాలన్నీ సక్రమంగా ఉన్నచో కంప్యూటరును కేబులుతో రౌటరుకు నేరుగా కలిపి చూడవలెను. కేబులుతో బాగుండి వైఫైతో బాగుండనిచో, దోషం గాలిమార్గంలో ఉన్నది. కేబులుతో కూడ రానిచో, దోషం సామాన్యంగా రౌటరులోనో, బయటనో ఉన్నది.

ఒక ఫోనులో రాక, తక్కిన వాటిలో వచ్చుచున్నచో దోషం ఆ ఫోనుదే. అందులో దాచియున్న వైఫై పేరును తొలగించి మరల చేర్చవలెను. తేదీ, గడియారం సరిగా ఉన్నవో లేదో చూడవలెను. గడియారం తప్పినచో సురక్షిత వెబ్‌సైట్లు తెరచుకొనవు. కంప్యూటరు చిరునామా 169.254తో ప్రారంభమైనచో, రౌటరు దానికి చిరునామా ఇవ్వలేదన్నమాట. అట్టి సమయంలో రౌటరును ఆపి, అర నిమిషం ఆగి, మరల వెలిగించినచో చాలామార్లు సరిపడుతుంది. ఇక రౌటరును ఇంటి నడుమ, ఎత్తున, నలువైపుల ఖాళీ ఉండునట్లు పెట్టుట అన్నింటికన్న చౌకైన మరమ్మతు.

తలుపుకు తాళం

వైఫై ప్రమాణం 1997లో వెలువడినది. దానికి తొలుత అమర్చిన వెప్ అను తాళం బలహీనమైనదని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అను శాస్త్రజ్ఞులు నిరూపించినారు. తరువాత 2004లో డబ్ల్యుపిఎ2, 2018లో డబ్ల్యుపిఎ3 వచ్చినవి. మన రౌటరులో ఈ చివరి రెండింటిలో ఒకటి ఉండవలెను. వెప్ మాత్రమే ఎరిగిన పాత రౌటరును మార్చివేయుటయే మంచిది.

తాళం మంచిదైనంత మాత్రాన చాలదు, తాళపుచెవి కూడ మంచిదై ఉండవలెను. డబ్ల్యుపిఎ2లో పరికరం రౌటరును కలిసేటప్పుడు జరిగే పలకరింపును దూరం నుండి పట్టుకొన్నవాడు, దానిని ఇంటికి తీసికొనిపోయి తీరికగా పాస్‌వర్డును ఊహింపవచ్చును. మొబైలు నంబరు 6, 7, 8, 9లలో ఒకదానితో ప్రారంభమవుతుంది కనుక, మొత్తం 400 కోట్ల నంబర్లకు మాత్రమే అవకాశమున్నది. సెకనుకు 10 లక్షలు పరీక్షింపగల యంత్రానికి ఇది గంట పైచిలుకు పని. ఆటల కోసం కొనే మంచి గ్రాఫిక్సు కార్డుకు ఆ శక్తి ఉన్నది. అదే 5,000 మాటల జాబితా నుండి 5 మాటలను చీటీలు తీసినట్లు ఏరి కూర్చినచో, ఆ యంత్రమే అన్నింటినీ పరీక్షించుటకు సుమారు లక్ష సంవత్సరాలు పడుతుంది. తెలుగు మాటలు, ఉర్దూ మాటలు కలిపి ఆంగ్ల అక్షరాలలో వ్రాసికొనవచ్చును. అయితే సామెతను గాని, పద్యపాదాన్ని గాని పెట్టరాదు.

ఇక తక్కినవి చిన్న పనులు. రౌటరు అమరికల పుటకు కొన్నప్పుడున్న పాస్‌వర్డును మార్చవలెను. ఆ పుట చాలా రౌటర్లలో 192.168.1.1 వద్ద గాని, 192.168.0.1 వద్ద గాని తెరచుకొంటుంది. డబ్ల్యుపిఎస్ అను 8 అంకెల సౌకర్యాన్ని ఆపివేయవలెను. రౌటరు ఆ అంకెలను రెండు ముక్కలుగా సరిచూస్తుంది కనుక 11,000 ప్రయత్నాలలో అది దొరుకుతుందని 2011లో బయటపడినది. రౌటరు సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరింపవలెను.

ఇంత జాగ్రత్త ఎందుకని కొందరు అడుగవచ్చును. బ్యాంకుల వెబ్‌సైట్లకు తమ సొంత గుప్తలిపి ఉన్నమాట నిజమే. అయితే మన కనెక్షను నుండి వెళ్లిన ప్రతి సందేశానికి బయట కనిపించే చిరునామా మనదే. 2008 జూలైలో అహమ్మదాబాదు పేలుళ్ల నాడు వెలువడిన ఒక ఈమెయిలు, నవీ ముంబయిలోని ఒక గృహస్థుని తాళం లేని వైఫై నుండి పంపబడినది. అతడు పంపలేదు. అయినను పోలీసులు వచ్చినది అతని ఇంటికే, ప్రశ్నించినది అతనినే. నిర్దోషికి కూడ తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకొనవలసిన దినాలు వస్తాయి. ఆ దినాలు ఎంత బరువైనవో ఊహింపవచ్చును.

పాస్‌వర్డు మార్చిన మరునాడు ప్రక్కింటి పిల్లవాడు మా గుమ్మంలో నిలిచి, "అన్నా, నా ఆన్‌లైన్ పాఠం ఆగిపోయింది" అన్నాడు. ఆ మాట మమ్ములను కలవరపరచినది. మా 14 పరికరాలలో దొంగ ఎవరో మాకు తెలియదు గాని, చదువుకొనే బిడ్డ ఒకడున్నాడు. రౌటరులో అతిథుల కోసం వేరొక పేరుతో ప్రత్యేక వైఫై పెట్టే ఏర్పాటున్నది. దానిలోనికి వచ్చినవారికి ఇంటర్నెట్టు దొరుకుతుంది గాని, మన ఇంటి పరికరాలు కనిపించవు. ఆ వైఫైని పాఠాల వేళలో మాత్రం తెరచి, దాని పాస్‌వర్డును ఆ పిల్లవానికే ఇచ్చితిమి. బాధ్యత ఇప్పటికీ మాదే. కాని ఎవరికి ఇచ్చితిమో ఇప్పుడు మాకు తెలుసును.

కళాశాల యాజమాన్య సంఘం వారికి మా విన్నపమొకటి. ప్రతి సంవత్సరం విద్యారంభంలో ఒక గంటసేపు, కంప్యూటరు ప్రయోగశాలలో, ఈ విషయాలను చేతితో చేయించి చూపినచో, ఆ గంట ప్రతి విద్యార్థి ఇంటికి చేరుతుంది. తోటి విద్యార్థినీ విద్యార్థులకు మా మనవి మరొకటి. ఈ రాత్రియే మీ రౌటరు పట్టికను తెరచి, అందులోని పరికరాలను లెక్కపెట్టండి. అతిథికి తలుపు తీయుట మన సంప్రదాయం. తలుపే లేకుండ బ్రతుకుట మాత్రం సంప్రదాయం కాదు.