మన ఊరి పాతరాళ్ళు - బడి చేయగల పని

మీ ఊరి పొలాల్లో గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్ళను ఎప్పుడైనా చూశారా? వాటిని పెద్దవాళ్ళు రాకాసి గుళ్ళనో, పాండవ గుళ్ళనో అంటారు. నిజానికి అవి చాలావరకు ఇనుపయుగం నాటి సమాధులు. పొలం చదును చేసేటప్పుడు, కంకర కొట్టేటప్పుడు ఇవి ఏ రికార్డుకూ ఎక్కకుండానే మాయమవుతున్నాయి. వీటి విషయంలో బడి ఏం చేయగలదో ఒక ఉదాహరణతో చూద్దాం.

తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో కృష్ణానది దగ్గర ముడుమాల్ అనే గ్రామం ఉంది. అక్కడ 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్ళు సుమారు 80 ఉన్నాయి. వాటి వయసు దాదాపు 3,500 ఏళ్ళని అంచనా. ఊరివారు వాటిని నిలువురాళ్ళ తిమ్మప్పగా కొలుస్తారు. ఒక రాయిని ఎల్లమ్మగా పూజిస్తారు. 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

ఇక్కడి కొన్ని రాళ్ళ వరసలు ఏడాదిలో ప్రత్యేకమైన రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులతో సరిపోతాయని పరిశోధకులు గుర్తించారు. ఒక రాతిమీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయని కూడా వారు చెబుతారు.

ఒక విషయం గమనించండి. వరసల సంగతి తెలిసింది రాళ్ళు నాటిన చోటులోనే ఉండటం వల్ల. ఒక్క రాయిని జరిపినా ఆ లెక్క తప్పుతుంది. పొలంలో దొరికే నలుపు-ఎరుపు కుండపెంకు కూడా అంతే. దాన్ని ఇంటికి తెచ్చుకుంటే అది వట్టి పెంకే. అందుకే పిల్లలకు ఏరుకురావడం కాదు, నమోదు చేయడం నేర్పాలి.

మీ బడిలో ఇలా చేయవచ్చు. ప్రతి రాయికీ ఒక నంబరు ఇచ్చి గళ్ళకాగితం మీద పటం గీయండి. టేపుతో ఎత్తు, చుట్టుకొలత కొలవండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఆ చోటును ఏ పేరుతో పిలుస్తారో, ఏ కథ చెబుతారో తాతమ్మలను అడిగి రాయండి. నెలకొకసారి పొద్దు పొడిచే వేళ రాయి నీడ దిక్కును దిక్సూచితో గుర్తించండి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. మన ప్రాంతంలో సూర్యోదయ స్థానం జూన్, డిసెంబరు నెలల్లో తూర్పు నుంచి అటూ ఇటూ సుమారు 24 డిగ్రీలు జరుగుతుందని మీరే తెలుసుకుంటారు.

తవ్వకం మాత్రం పిల్లలు చేయకూడదు. భూమిలో 10 రూపాయలకు మించి విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

మీ పటాన్ని ఒక ప్రతి పంచాయతీకి, ఒక ప్రతి రాష్ట్ర పురావస్తు శాఖకు ఇవ్వండి. రేపు ఎవరైనా యంత్రంతో వచ్చినప్పుడు అక్కడ ఏముందో చెప్పడానికి ఊరి చేతిలో ఒక కాగితం ఉంటుంది.