పొలములు విడిచిన లేవీయులు: 2 దినవృత్తాంతములు 11:13-17 పై ఒక పరిశీలన

సొలొమోను మరణానంతరము, సుమారు క్రీ.పూ. 930లో, ఇశ్రాయేలు రాజ్యము రెండుగా చీలిపోయింది. అప్పుడు ఉత్తర గోత్రముల మధ్య నివసిస్తున్న లేవీయులు తమ ఆస్తిని విడిచి యూదాకు, యెరూషలేముకు వచ్చారని దినవృత్తాంతముల గ్రంథకర్త తెలియజేస్తున్నాడు. రాజుల గ్రంథము ఈ సంగతిని ప్రస్తావించదు. వారు యరొబామును విడిచి రెహబాము పక్షము చేరారని, అనగా రాజును మార్చుకున్నారని ఈ భాగమును అర్థము చేసుకొనే అవకాశమున్నది. అయితే వాక్యభాగమును జాగ్రత్తగా చదివితే వారు ఎన్నుకొన్నది రాజును కాదు, ఆరాధనను అని గ్రహిస్తాము.

1. సమస్య సింహాసనము కాదు

యరొబాము రాజ్యము దేవుని అనుమతి లేనిది కాదు. పది గోత్రములు అతనికి ఇవ్వబడునని షిలోనీయుడైన అహీయా ముందే ప్రవచించాడు (1 రాజులు 11:29-39). యుద్ధమునకు బయలుదేరిన రెహబామును దేవుడు షెమయా ద్వారా ఆపాడు (2 దిన. 11:2-4). కనుక యరొబాము ఏలుబడిలో నివసించుట లేవీయులకు పాపము కాదు. చిక్కు బలిపీఠము దగ్గర వచ్చింది. ప్రజలు యెరూషలేముకు వెళ్తే వారి హృదయము దావీదు వంశము వైపు తిరుగుతుందని భయపడి, అతడు బేతేలులోను దానులోను దూడలను నిలిపాడు; లేవీయులు కానివారిని యాజకులుగా నియమించాడు (1 రాజులు 12:26-31). ఆరాధన రాజ్యభద్రతకు సాధనమైపోయింది. యెహోవాకు యాజకత్వము చేయకుండ లేవీయులను త్రోసివేశాడు. పరిచర్య పోయినా, నోరు మూసుకొని ఊళ్లలోనే ఉండిపోవుటకు వారికి అవకాశమున్నది.

2. వారు విడిచినది

లేవీయులకు 48 పట్టణములు ఇవ్వబడ్డాయి. వాటిలో అహరోను సంతతివారి 13 పట్టణములు యూదా, షిమ్యోను, బెన్యామీను గోత్రములలో ఉన్నాయి. మిగిలిన 35 ఇతర గోత్రముల మధ్య ఉన్నాయి (యెహోషువ 21). వారు విడిచినట్లు 14వ వచనము చెప్పే ‘మిగ్రాష్’ అనగా పట్టణము చుట్టూ పశువులు మేసే భూమి. దానిని అమ్మకూడదు, అది శాశ్వత స్వాస్థ్యమని ధర్మశాస్త్రము శాసించింది (లేవీ. 25:34). అమ్ముటకు వీలులేని, దేవుడే ఇచ్చిన భూమిని వారు ఊరకనే వదిలి వచ్చారు.

3. ఒకే క్రియాపదము

ఇక్కడ ‘విడిచిపెట్టుట’ అనే అర్థమిచ్చే ‘ఆజబ్’ అనే హెబ్రీ క్రియను గమనించాలి. లేవీయులు భూమిని విడిచారు (11:14). రాజ్యము స్థిరపడిన తరువాత రెహబాము ధర్మశాస్త్రమును విడిచాడు (12:1). మీరు నన్ను విడిచారు గనుక నేనును మిమ్మును విడిచితినని దేవుడు షెమయా ద్వారా పలికిన మాటలోనూ (12:5) ఇదే క్రియ. ఆస్తిని విడిచినవారు దేవుని పట్టుకొన్నారు. రాజ్యమును పట్టుకొన్న రాజు దేవుని విడిచాడు.

వారి రాక యూదాను బలపరచింది, కాని మూడేండ్లే (11:17). అయిదవ ఏట షీషకు యెరూషలేము మీదికి వచ్చాడు. రెహబాము 17 ఏండ్ల పాలన ముగిసి అబీయా రాజైనప్పుడు కూడా అహరోను సంతతివారు, లేవీయులు ఉదయ సాయంకాలములు సేవ చేస్తూనే ఉన్నారు (13:10-11). రాజు తప్పిపోయినా సేవ ఆగలేదు. అయితే అబీయా ఆ సేవనే యుద్ధభూమిలో తన పక్షమునకు వాదనగా వాడుకున్నాడు. నమ్మకమైన ఆరాధనను కూడా రాజులు తమ బలముగా లెక్కించగలరని ఇది మనలను హెచ్చరిస్తుంది.

ముగింపు

సంఘ సేవకుని ఇల్లు, జీతము, గౌరవము ఒకరి చేతిలో ఉండవచ్చు. ఆ చేయి ఆరాధనను తనకు అనుకూలముగా మార్చమని అడిగిన దినమున, దేవుడిచ్చిన మేలునైనా దేవుని కొరకు విడువగలమా? అంతేకాదు, యెరూషలేము చేరిన తరువాత ఆశ్రయమిచ్చిన రాజుకు కాక బలిపీఠమునకే సేవకులుగా నిలువగలమా? ఈ రెండవ ప్రశ్నను మనము తరచుగా మరచిపోతాము. లేవీయుల ప్రయాణము ఈ రెండింటినీ మన ముందుంచుతున్నది.