ఇంజిన్‌కు పట్టిన చెమట

“లీకు కాదు భయ్యా, చెమట” అన్నాడు బండి అమ్మినతను, నేను ఇంజిన్ కింద వేలు పెట్టి నల్లగా తీసి చూపిస్తే. షార్జాలో జూన్ నెల. సాయంత్రం ఆరు దాటినా నా చొక్కా వీపుకు అతుక్కునే ఉంది. మనిషికి పట్టే చెమట ఇంజిన్‌కు పట్టకూడదా అనుకుని, దిర్హాములు లెక్కపెట్టి ఇచ్చి, ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, నా పేరున మార్పించుకున్నాను. 150 సీసీ బండి. నాలుగేళ్ల వయసు. అప్పటికే రెండు చేతులు మారింది. నా సొంత డబ్బుతో కొన్న మొదటి బండి అదే.

మర్నాడు పొద్దున బిల్డింగు వెనక ఇసుక స్థలంలో, బండి కింద నల్లటి మచ్చ. ఇసుకలో ఇంకిన ఆయిల్‌ను కొలవలేం కదా, ఆ రాత్రి నీళ్ల సీసాల అట్టపెట్టె ఒకటి విప్పి ఇంజిన్ కింద పరిచాను. తెల్లారేసరికి దాని మీద ఏడు చుక్కలు.

“ఏడు చుక్కలకే ఇంత గొడవా? ఖల్లీ వల్లీ, వదిలెయ్” అన్నాడు రూమ్మేటు. గల్ఫ్‌లో పదేళ్లు గడిపినవాడికి ఆ మాట అన్ని రోగాలకూ మందు. కానీ ఏడు చుక్కలు రాత్రంతా కదలకుండా నిలబడ్డ బండివి. ఇంజిన్ తిరుగుతూ ఆయిల్ వేడెక్కి పలచబడితే ఇంకెన్ని? సుమారుగా 20 చుక్కలు 1 మిల్లీలీటరు. నిమిషానికి ఒక్క చుక్క చొప్పున రోజుకు 12 గంటలు కారితే 720 చుక్కలు, అంటే 36 మిల్లీలీటర్లు. ఈ తరగతి బండ్లలో పట్టే ఆయిలే లీటరుకు అటూ ఇటూ. 28 రోజుల్లో లీటరు మాయం. నాలాంటి ఆఫీసు మనిషికి అది నెలల మాట. రోజంతా బండి మీదే బతికే డెలివరీ కుర్రాళ్లకు మాత్రం నెల మాటే. పైగా మోటార్‌సైకిల్లో ఇంజిన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ సాధారణంగా ఒకటే ఆయిల్. అది తగ్గితే మూడూ ఒకేసారి ఎండుతాయి.

సనయ్యాలో, అంటే ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో, మొదట చూపించిన మెకానిక్ వంగి చూసి, చుక్క డ్రెయిన్ బోల్టు కింద వేలాడుతోందని తేల్చి, పానా పెట్టి ఇంకో అర చుట్టు బిగించాడు. డబ్బు తీసుకోలేదు. అతన్ని తప్పు పట్టలేను. కారుతుంటే బిగించాలన్నది మనందరికీ ఇంటి కుళాయి దగ్గర అబ్బిన బుద్ధే.

కానీ బోల్టు మేకు లాంటిది కాదు, గట్టి స్ప్రింగు. బిగించినప్పుడు అది కంటికి కనబడనంత సాగుతుంది. తిరిగి కుంచించుకోవాలన్న ఆ తపనతోనే రెండు లోహపు ముఖాలను దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఇక ఇంజిన్ కవర్ల సంగతి చూడండి. కవరు అల్యూమినియం, దాన్ని పట్టే బోల్టు ఉక్కు. ఒక్కో డిగ్రీ వేడికి అల్యూమినియం మీటరుకు 23 మైక్రాన్లు పెరిగితే ఉక్కు 12 దగ్గరే ఆగుతుంది. 30 మిల్లీమీటర్ల బోల్టు పట్టుకున్న చోట ఇంజిన్ 100 డిగ్రీలు వేడెక్కితే ఆ రెండిటి మధ్య తేడా 0.03 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందంలో సగమన్నమాట. చిన్నదే కదా అనిపిస్తుంది గానీ, సరిగ్గా బిగించిన సన్న బోల్టు మొత్తం సాగేదే దానికి రెండింతలు. అంటే వేడెక్కిన ప్రతిసారీ బోల్టు మీద లాగుడు మరికాస్త పెరుగుతుంది. అప్పటికే శక్తికి మించి బిగించి ఉంటే ఏదో ఒకటి లొంగిపోవాలి. మెత్తని అల్యూమినియం మరలే ముందు లొంగుతాయి. చల్లారాక చూస్తే బోల్టు వదులు. మనం మళ్లీ బిగిస్తాం. రెండు మూడు సార్లయ్యాక పానా పట్టు దొరక్కుండా గిర్రున తిరుగుతుంది. మర పోయింది అంటారే, అదీ.

కవర్లకు వాడే 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా అడిగే బిగింపు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. 20 సెంటీమీటర్ల పానా చివర ఐదు కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేంత. బియ్యం సంచి ఎత్తే చేత్తో కాకుండా చిన్న సంచీ పట్టే చేత్తో బిగించాలి. డ్రెయిన్ బోల్టుకు దీనికి రెండున్నర రెట్లు చాలు. అక్కడ ఆయిల్‌ను ఆపేది బోల్టు కింది మెత్తని అల్యూమినియం లేదా రాగి వాచరు, అదీ ఒక్కసారి నలిగేందుకు పుట్టింది. పాతదాన్నే వేసి ఇంకాస్త గట్టిగా బిగించడం, పిండిన నిమ్మచెక్కను మళ్లీ పిండడం.

అర చుట్టు బిగింపు తర్వాత కూడా అట్టముక్క మీద ఏడు చుక్కలే. ఒకటి తగ్గలేదు, పెరగలేదు.

అప్పుడు చేశాను మొదటే చేయాల్సిన పని. ఇంజిన్ చల్లారాక కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో జిడ్డంతా కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, బకాలాలో, అంటే కిరాణా కొట్లో, కొన్న టాల్కం పౌడర్ చల్లాను. పిల్లలకు పూసే పౌడరే. ఇంజిన్ ఆపే ఉంచి ఎక్సాస్టు కాలకుండా చూసుకుంటే చాలు, ఇంతకన్నా చవక పరీక్ష లేదు. ప్రెషర్ వాషర్‌తో కడిగిస్తే సులువే గానీ ఆ ధార తిరిగే షాఫ్టుల దగ్గర సన్న ఇసుకను సీలు లోపలికి తోస్తుంది. పౌడర్ తెల్లగా ఉన్న బండిని నీటి ఒడ్డు రోడ్డు కార్నిష్ వరకు నడిపి, తిరిగి వచ్చి టార్చి వేశాను. ఆయిల్ కిందికి జారుతుంది, బండి పోతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క వేలాడే చోటు ఎప్పుడూ అబద్ధమే. తడిసిన జాడలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న బిందువు ఎక్కడో అదే నిజం. నా బండిలో డ్రెయిన్ బోల్టు పైన పౌడర్ మీద సన్నని గోధుమరంగు గీత. అది ఎడమవైపు, చైను తిప్పే చిన్న పళ్లచక్రం వెనక్కి పోయింది. ఆ మూల ఎప్పుడూ చైను ఆయిల్‌తో, దుమ్ముతో నల్లగానే ఉంటుంది. అందుకే నా కంటే ముందు ఇద్దరూ అది చైను జిడ్డే అనుకుని ఉంటారు.

ఆ చక్రం వెనక ఉన్నది ఆయిల్ సీలు. చూడ్డానికి నల్ల రబ్బరు గాజు. నా లెక్కన బండి మొత్తంలో ఇంతకంటే తెలివైన వస్తువు లేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రాన్ని మోసే షాఫ్టు నిమిషానికి ఇంచుమించు 1,500 చుట్లు తిరుగుతుంది. దాన్ని సీలు లోపలి అంచు, అంటే రబ్బరు పెదవి, గట్టిగా కరిచి పట్టుకుంటే నిమిషాల్లో కాలిపోతుంది. వదులుగా పట్టుకుంటే ఆయిల్ కారుతుంది. అందుకని పెదవి కింద ఒకటి రెండు మైక్రాన్ల ఆయిల్ పొరను ఉద్దేశపూర్వకంగా ఉండనిస్తారు. ఆ పొర బయటికి ఎందుకు రాదు? పెదవికి రెండు వైపులా వాలు ఒకేలా ఉండదు. ఆయిల్ వైపు నిటారు, గాలి వైపు పల్చని వాలు. షాఫ్టు తిరిగేటప్పుడు రబ్బరు మీది సూక్ష్మమైన మిట్టలు ఒకపక్కకు ఒరిగి, అంచుకు వచ్చిన ఆయిల్‌ను మళ్లీ లోపలికే తోడతాయి. సీలు మూత కాదు, బుల్లి పంపు. దాన్ని తిరగేసి బిగిస్తే అదే పంపు ఆయిల్‌ను బయటికి తోడిపోస్తుంది. ఇంకా ఆ పెదవి వెనక, మొలతాడు కట్టినట్టు సన్నని స్ప్రింగు ఒకటి చుట్టి ఉంటుంది. రబ్బరు అరిగేకొద్దీ ఆ స్ప్రింగు పెదవిని షాఫ్టుకు ఆనించి ఉంచుతుంది. బోల్టయినా, సీలయినా ఆయిల్‌ను ఆపేది గట్టితనం కాదు, సాగి తిరిగి రాగల గుణం.

ఎడారి ఎండ తినేసేది సరిగ్గా ఆ గుణాన్నే. గాలికి చల్లబడే ఇంజిన్ వేడి వదిలించుకునే వేగం, దానికీ గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. న్యూటన్ పేరుతో చదువుకున్నదే. గాలి 25 డిగ్రీలున్నప్పుడు ఇంజిన్ 110 దగ్గర నిలకడగా ఉందనుకుందాం. తేడా 85. జులై మధ్యాహ్నం ఇక్కడ గాలి 45. అదే పని చేస్తూ అంతే వేడి వదలాలంటే ఇంజిన్ 130కి చేరాలి. ఇక రసాయన చర్యలు ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపవుతాయని ఒక మోటు లెక్క ఉంది. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ రాసిన సమీకరణం నుంచి వచ్చింది. 20 డిగ్రీలు పెరిగితే నాలుగు రెట్లు. 25 డిగ్రీల గాలిలో నాలుగేళ్లు బతకాల్సిన రబ్బరు ఇక్కడి వేసవిలో ఏడాది లెక్కన ముసలిదవుతుంది.

ముసలిదవడమంటే ఏమిటి? రబ్బరుకు గంధకం కలిపి ఉడికించడం 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. పొడవాటి అణువుల మధ్య గంధకం అక్కడక్కడా ముడులు వేస్తుంది. అదొక పాకం. ముడులు తక్కువైతే జిగట, సరిపడా ఉంటే సాగుడు. ఫ్యాక్టరీ లేతపాకం దగ్గర దించేస్తుంది. మనం బండి నడిపిన ప్రతి గంటా ఇంజిన్ దాన్ని మళ్లీ పొయ్యి మీద పెడుతుంది. గాలిలోని ఆక్సిజన్ కూడా తన ముడులు తాను వేస్తుంది. మెత్తదనం కోసం కలిపిన నూనెలు ఆయిల్లోకి కరిగిపోతాయి. సీళ్లకు మామూలుగా వాడే నైట్రైల్ రబ్బరు 100, 120 డిగ్రీల దాకా బాగానే ఓర్చుకుంటుంది. ఆ పైన పాకం ముదురుతుంది. చలికి రబ్బరు బిగుసుకోవడం వేరు, అది వెచ్చబడితే తిరిగి వస్తుంది. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష షటిల్‌ను కూల్చి ఏడుగురిని బలిగొన్నది అలాంటి చలికి బిగుసుకున్న ఓ-రింగ్ అనే రబ్బరు వలయమే. ఎండకు ముదిరిన రబ్బరు మాత్రం ఎన్ని చలికాలాలు వచ్చినా మెత్తబడదు. ఆరుబయట పనిచేసే మనుషులకు ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు పని ఆపాలని ఇక్కడ నిబంధన. ఆయిల్ సీలుకు ఆ సెలవు లేదు.

నా పాత సీలు బయటికి వచ్చాక పెదవి మీద గోరు నొక్కి చూశాను. కొత్తదాని మీద గోరు పడితే గుంట పడి, వెంటనే లేచింది. పాతది ప్లాస్టిక్ గిన్నె అంచులా టక్కుమంది. లోపలి స్ప్రింగు బాగానే ఉంది పాపం, ముదిరిన రబ్బరును అది మాత్రం ఎంత నొక్కగలదు. షాఫ్టు మీద పెదవి ఆనిన చోట వేలికి తగిలీ తగలని గాడి. ఇసుక పని. ఇక్కడి గాలిలో తేలే ధూళి ఆయిల్ తడికి అంటుకుని గరుకు ముద్దయి, పెదవి కింద చేరి ఉక్కునే తొలిచింది. చైను బిగువు కూడా తోడైంది. చైను సగంలో వేలితో ఎత్తితే 20, 30 మిల్లీమీటర్లు ఆడాలి. మునుపటి యజమాని తీగలా బిగించి నడిపాడు. అలాంటి చైను షాఫ్టును ఒకవైపు లాగుతూనే ఉంటుంది.

సీలు ముఖం మీద మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అవి చూపిస్తే సామాన్ల షాపులో పది కర్రక్ చాయ్‌ల డబ్బుకే కొత్తది దొరికింది. నా బండిలో అది బయటి నుంచే ఊడివచ్చే రకం. కొన్నిటిలో ఇంజిన్‌ను రెండుగా విప్పాలి, బండి కొనేముందు అడిగి తెలుసుకోవలసిన సంగతి ఇది. ఈసారి నేను వెళ్లిన రెండో మెకానిక్ చెయ్యి నెమ్మది మనిషి. స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి, షాఫ్టుకు గీత పడకుండా పాతది లేపాడు. కొత్తదాని పెదవికి గ్రీజు రాసి, స్ప్రింగు వైపు లోపలికి పెట్టి, పాత సీలునే అడ్డుపెట్టి చుట్టూ సమంగా తట్టాడు. పూర్తిగా దిగకముందే ఆగి, ఒక మిల్లీమీటరు బయటికే ఉంచేశాడు. ఎందుకని అడిగితే గాడి చూపించాడు. పెదవి పాత గాడిలో కాకుండా పక్కనున్న నున్నని ఉక్కు మీద కూర్చోవాలట. ఆ ఒక్క మిల్లీమీటరుకే నేను అతనికి ఎక్కువ ఇచ్చాను.

సీలు మార్చేముందు అతను ఇంకో పని కూడా చేశాడు, అది చాలామంది మర్చిపోతారు. ఇంజిన్ పైనుంచి ఫిల్టర్ డబ్బాలోకి పోయే రబ్బరు గొట్టం ఊడదీసి ఊదాడు. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ తన కింది చాంబర్లోని గాలిని నొక్కుతుంది, ఆ గాలి పోయే దారి అదొక్కటే. ధూళితో, మడ్డితో అది మూసుకుంటే లోపలి ఒత్తిడి అన్నిటికన్నా బలహీనమైన సీలును వెతుక్కుంటుంది. ఎన్ని కొత్త సీళ్లు వేసినా వరసగా కారుతున్నాయంటే మొదట చూడాల్సింది ఈ గొట్టాన్నే. అవసరానికి మించి ఆయిల్ పోసినా ఇదే జబ్బు.

చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు కన్నా 50 గ్రేడు చిక్కన, నిజమే. చుక్క కాస్త ఆలస్యంగా పడుతుంది, అంతే. బండి పుస్తకం ఒప్పుకుంటే వేసవికి పోయొచ్చు గానీ అది మరమ్మతు కాదు. కార్ల కోసం చేసిన ఆయిల్ మాత్రం వద్దు. అందులో రాపిడి తగ్గించే మందులు కలిపి ఉంటే, ఆయిల్లోనే మునిగి ఉండే మోటార్‌సైకిల్ క్లచ్ జారిపోతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అన్న గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

ఆ రాత్రి కొత్త అట్టముక్క పరిచి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే ఒక చుక్క. ఒక్కటే, కానీ చుక్కే. గుండె జారింది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య సాగదీశాను. బెల్లం పాకంలా తీగ సాగింది. ఇంజిన్ ఆయిల్ అలా సాగదు. సీలు దగ్గర మళ్లీ చల్లిన పౌడర్ తెల్లగా, పొడిగా ఉంది. ముందురోజు సంబరంలో చైనుకు నేనే ఆయిల్ ఎక్కువ కొట్టాను.